మట్టి నాణెము – వంటింటి చింతపండు

పొలము దున్నునప్పుడు గాని, బావి త్రవ్వునప్పుడు గాని, పాతగోడ పునాది తీయునప్పుడు గాని ఒక ప్రాచీన నాణెము బయటపడినచో, మన ఇండ్లలో దానికి జరుగు మొదటి ఉపచారము తోముట. వంటింటిలో చింతపండు ఉండనే ఉన్నది. పూర్వము పొయ్యిలో బూడిద, గూటిలో ఇటుకపొడి, గోడవార కొబ్బరిపీచు సిద్ధముగా ఉండెడివి. నేడు వానికి బదులు గిన్నెలు తోము పొడియు, ఇనుప తీగపీచును వచ్చినవి. పచ్చగా చిలుమెక్కిన బిళ్ల పావుగంటలో ఎర్రగా తళతళలాడును. ఇంటిల్లిపాదియు చూచి సంతోషింతురు. ఆ సంతోషమును మేము ఆక్షేపింపము. ఇత్తడి చెంబును, రాగి బిందెను అద్దమువలె ఉంచుట మన గృహిణులకు తరతరములుగా వచ్చిన నేర్పు. అయితే చెంబునకు మేలు చేయు పని నాణెమునకు కీడు చేయును. ఎందుకు చేయునో, ఆ కీడువలన నష్టపోవువారు ఎవరో, ఈ ప్రసంగములో చెప్పదలచితిమి.

మొదట మన నేలపై జరిగిన ఒక సంగతి చెప్పుదుము. 1786వ సంవత్సర ప్రాంతమున నెల్లూరు సమీపములో ఒక రైతు పొలము దున్నుచుండగా నాగలి ఇటుక కట్టడమునకు తగిలి ఆగెను. అతడు త్రవ్వి చూడగా ఒక చిన్న దేవాలయపు శిథిలములును, వాని క్రింద ఒక చిన్న కుండయు కనిపించినవి. కుండ నిండ బంగారు నాణెములు. అవి మన రాజులవి కావు; క్రీస్తుశకము రెండవ శతాబ్దినాటి రోము చక్రవర్తులవి. రైతు వానిని పాత బంగారముగా అమ్మివేసెను. పెక్కు నాణెములు మూసలో కరగిపోయినవి. ఆర్కాటు నవాబు కుమారుడైన అమీరుల్ ఉమరా ఆ వార్త విని, మిగిలినవానిలో 30కి పైగా నాణెములను సంపాదింపగలిగెను. వానిపై ట్రేజను, హేడ్రియను, ఫాస్టీనా అను పేర్లు కనిపించినవి. కొన్ని నాణెములు టంకశాలనుండి అప్పుడే వచ్చినట్లు క్రొత్తగా ఉండెననియు, కొన్నింటికి ఆభరణములుగా ధరించుటకై చేసిన రంధ్రములు ఉండెననియు అప్పటి మద్రాసు గవర్నరు డేవిడ్సను వ్రాసిన లేఖవలన తెలియుచున్నది.

ఆ రంధ్రములే మాకు ముఖ్యముగా తోచుచున్నవి. రోములో ముద్రింపబడిన నాణెము సముద్రము దాటి నెల్లూరు సీమకు వచ్చి, ఇక్కడ ఎవరి మెడలోనో, ఎవరి దండపైననో నగగా అమరినది. కాసులపేరు వేసికొను అలవాటు గల మనకు ఇది వింత కాదు. ఆ నాణెమును చూచినవారికి వర్తకము తెలియును, రాజు పేరు తెలియును, దానిని ధరించినవారి అభిరుచి కూడ తెలియును. కరగిన నాణెమునుండి తెలియునది దాని తూకము మాత్రమే. అయితే మూసలో వేయుట ఒక్కటే నాణెమును పోగొట్టు మార్గము కాదు. చింతపండుతో తోముట కూడ మెల్లగా కరగించుటయే. మూస ఒక్క గడియలో చేయు పనిని పులుపు పొరపొరగా చేయును.

ఇంతకును ఒక చిల్లర నాణెముపై ఇంత శ్రద్ధ ఎందుకని శ్రోతలు ప్రశ్నింపవచ్చును. దక్కను దేశపు తొలి రాజులు తమ చరిత్రను గ్రంథముగా వ్రాయించి మనకు ఉంచలేదు. సాతవాహనుల సంగతులు మనకు తెలియుటకు ప్రధానమైన ఆధారములు మూడు: పురాణములలోని రాజుల పట్టికలు, కొండగుహలలోను స్తూపములయొద్దను చెక్కిన శాసనములు, నాణెములు. పురాణముల పట్టికలు ఒకదానితో ఒకటి పూర్తిగా సరిపోవు. శాసనములు కొన్నియే. మిగిలిన ఖాళీలను నాణెములు పూరించుచున్నవి. 1908లో రాప్సను పండితుడు బ్రిటిషు మ్యూజియములోని ఆంధ్ర నాణెముల పట్టికను ప్రకటించినది మొదలు ఈ చరిత్రను సరిదిద్దుటలో నాణెములదే పెద్దచేయి.

1939లో విదర్భయందు, నాటి అకోలా జిల్లాలోని తర్హాళా గ్రామమున సుమారు 1,600 సాతవాహన నాణెములు ఒకేచోట దొరకినవి. అవి వెండివి కావు, బంగారువి కావు. రాగి, తగరము, సీసము కలిసిన పోటిను అను మిశ్రలోహముతో పోసిన చవుక నాణెములు. మహామహోపాధ్యాయ మిరాశీగారు వానిని ఒక్కొక్కటిగా చదివిరి. వానిలో కుంభ శాతకర్ణి, కర్ణ శాతకర్ణి, శక శాతకర్ణి అను పేర్లు బయటపడినవి. ఈ పేర్లు పురాణములలో లేవు. ఆ రాజులు ఉండిరని చెప్పు సాక్ష్యము ఆ మట్టిబిళ్లల పైననే నిలిచినది. ఆ కుండ దొరకినవారు వానిని పీచుతో తోమి, మెరుగు రానివానిని పారవేసి ఉండినయెడల, ముగ్గురు రాజులు చరిత్రనుండి జారిపోయి ఉందురు.

మన గోదావరితీరపు కోటిలింగాల కథయు ఇట్టిదే. అక్కడ దొరకిన నాణెములను పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు పరిశీలించి ప్రకటించిరి. గోభద, నారన, కంవాయ, సమగోప అను స్థానిక పాలకుల పేర్లును, సాతవాహన వంశమునకు మొదటివాడని చెప్పబడు చిముకుని పేరును వానిపై చదువబడినవి. తెలంగాణములోని పెద్దబంకూరు త్రవ్వకములలో 20,000కు పైగా సాతవాహన నాణెములు లభించినవి. మెదకు సీమలోని కొండాపురములో 1941-42లో గులాం యజ్దానీగారి ఆధ్వర్యవమున జరిగిన త్రవ్వకములలో నాణెములును, వానిని పోయుటకు వాడిన మట్టి అచ్చులును కూడ దొరకినవి. ఇవి ఏవియు రాజభండారపు నిధులు కావు. సంతలో చేతులు మారిన చిల్లర. చరిత్ర ఆ చిల్లరలోనే దాగియున్నది.

ఇక ఈ నాణెములపై అక్షరములు ఎంత సున్నితములో గమనింపుడు. వ్రేలిగోరంత బిళ్లపై, అంచువెంట, బ్రాహ్మీలిపిలో రాజు పేరు ఉండును. పెక్కు చోట్ల బిళ్ల ముద్రకన్న చిన్నది. ముద్రలోని సగము అక్షరములే దానిపై పడును. గోతమిపుత, వాసిఠిపుత అని తల్లిపేరుతో రాజును చెప్పుట ఆనాటి పద్ధతి. శాతకర్ణి అను పేరు పలువురు ధరించిరి. ఏ శాతకర్ణియో నిర్ణయించుటకు ఆ తల్లిపేరులోని ఒకటి రెండు అక్షరములే ఆధారము. అంచున మిగిలిన ఆ రెండక్షరములే పీచుదెబ్బకు మొదట పోవునవి. ఏలయనగా అంచు ఎత్తుగా ఉండును. రాపిడి మొదట తగులునది ఎత్తునకే.

కొన్ని వెండి నాణెములపై మరియొక విశేషము కలదు. ఒకవైపున రాజు ముఖమును, ప్రాకృతభాషలో పేరును. రెండవవైపున అదే అర్థము ద్రావిడ భాషారూపములో. మన భాషల పూర్వరూపములను వెదకువారికి అంత ప్రాచీనమైన సాక్ష్యము దొరకుట అరుదు. అక్కడ ఒక్క ప్రత్యయము చెరిగినను భాషాశాస్త్రజ్ఞుని చేతిలోని దీపము ఆరినట్లే. తూర్పుతీరమున దొరకిన సీసపు నాణెములు కొన్నింటిపై రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మ కలదు. ఆ కొయ్యల నడుమనున్న సన్నని త్రాళ్ల గీతలు కూడ ఆనాటి నౌకానిర్మాణమును గూర్చి చెప్పునవే.

ఒక నాణెముపై రెండు కథలు ఉండుటయు కలదు. 1906లో నాసిక మండలములోని జోగల్‌తెంభీ గ్రామమున 13,000కు పైగా వెండి నాణెములు దొరకినవి. అవి క్షహరాత రాజైన నహపానునివి. కాని వానిలో 9,000కు పైగా నాణెములపై గౌతమీపుత్ర శాతకర్ణి తన చైత్యచిహ్నమును, ఉజ్జయినీ చిహ్నమును మరల ముద్రించెను. క్రింద నహపానుని ముఖమును, గ్రీకు అక్షరములును మసకగా కనిపించుచుండగా, పైన విజేత ముద్ర. నాసిక శాసనము క్షహరాత వంశమును నిర్మూలించినవాడని గౌతమీపుత్రుని కీర్తించుచున్నది. ఆ మాటకు వేలకొలది వెండి సాక్షులు నిలిచినవి. క్రింది ముద్ర యొక్క ఆ మసకగీతలు మురికియని భ్రమించి ఎవరైన రుద్దివేసినచో, మిగులునది పై ముద్ర ఒక్కటే. యుద్ధపు కథ పోయి ఉండును.

ఇక మనము చిలుము సంగతికి వత్తము. నేలలో లోహము ఊరక పడియుండదు. మట్టిలోని తేమ, ప్రాణవాయువు, బొగ్గుపులుసు వాయువు, ఉప్పు, ఇవన్నియు దానిపై పనిచేయును. రాగిపై మొదట ఎర్రని పొర ఏర్పడును. దానిపైన పచ్చని పొర పెరుగును. అట్లు ఏర్పడునప్పుడు పొర బయటికే గాక లోపలికి కూడ సాగి, లోహమును తినివేయును. ఈ విషయము మనము ముఖ్యముగా గ్రహింపవలసినది. శతాబ్దుల తరువాత నాణెము యొక్క అసలు ఉపరితలము, అనగా ముద్ర పడిన ఆ తలము, పలు సందర్భములలో లోహముపై ఉండదు. ఎర్రపొరకును పచ్చపొరకును నడుమ, చిలుములోనే నిలిచియుండును. చుట్టును చిలుము, నడుమ అక్షరము, అడుగున తిని మిగిలిన లోహము. చిలుమును కరగించినచో అక్షరము బయటపడునని మనము తలంతుము. నిజమునకు అక్షరము చిలుముతోపాటు కరగి నీటిలో పోవును. మిగిలిన ఎర్రని లోహముపై గుంటలు తప్ప ఏమియు ఉండవు.

ఇప్పుడు వంటింటి వస్తువులను ఒక్కొక్కదానిని పరీక్షింతము. చింతపండులో టార్టారిక్ ఆమ్లమును, నిమ్మలో సిట్రిక్ ఆమ్లమును, సిర్కాలో ఎసిటిక్ ఆమ్లమును, పుల్లని మజ్జిగలో లాక్టిక్ ఆమ్లమును కలవు. పేర్లు వేరైనను పని ఒక్కటే. రాగి చిలుమును కరగించుట. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు నిలువయుంచరాదని మన పెద్దలు చెప్పిన మాటకు మూలము ఇదియే. పులుపు లోహమును కదిలించును. చెంబు మందమైనది; ఏడాదికి వెండ్రుకంత పోయినను ఒక తరము నడచును. నాణెముపై అక్షరము ఎత్తే వెండ్రుకంత. ఆ లెక్క ఒక్కటి జ్ఞాపకమున్నచో చాలును.

పులుపునకు ఉప్పు చేర్చుట మన అలవాటు. మెరుగు త్వరగా వచ్చుట నిజమే. కాని నాణెమునకు అంతకు మించిన శత్రువు లేదు. ఉప్పులోని క్లోరిన్ రాగితో కలిసి లోపలి గుంటలలో చేరును. పైకి తళతళలాడు నాణెమున కొన్ని వారములు గడచిన పిమ్మట లేతపచ్చని పొడిమచ్చలు లేచును. తుడిచినను మరల లేచును. తేమ తగిలినప్పుడెల్ల ఆ లవణము ఆమ్లమును పుట్టించి మరికొంత రాగిని తినును. ఆ రాగి మరల లవణమగును. పండితులు దీనిని కంచువ్యాధి అందురు. మట్టిలో రెండువేల యేండ్లు నిలిచిన నాణెము పెట్టెలో కొద్ది సంవత్సరములకే పొడియగుటకు ఇది కారణము. మట్టినుండియే ఉప్పు చేరిన నాణెములకు కూడ ఈ వ్యాధి వచ్చును; మనము తోమునప్పుడు దానిని చేతులార పిలుచుచున్నాము.

బూడిదలో క్షారము కలదు. సన్నని ఇసుకరేణువులును కలవు. క్షారము సీసమును, తగరమును తినును. రేణువులు గీతలు గీయును. ఇటుకపొడి మాట చెప్పనక్కరలేదు. ఇనుప తీగపీచు ఒక్కసారి త్రిప్పినచో కలుగు గీతలు ఏ నిపుణుడును మాన్పలేనివి. వెండిసామాను తుడుచు విభూతి వీనికన్న మెత్తనిదే. ఐనను ప్రాచీనపు వెండిపై అదియు రాపిడియే.

అల్యూమినియము గిన్నెలో వేడినీరు, వంటసోడా, ఉప్పు పోసి అందు వెండి వస్తువును ముంచినచో నలుపు విడుచునను ఉపాయము పెక్కు ఇండ్లలో తెలియును. గంధకముతో కలిసి నల్లనైన వెండిని అది మరల వెండిగా మార్చును. నిన్న కొన్న కుంకుమభరిణెకు ఆ ఉపాయము చెల్లును. నేలలోని వెండి వేరు. ఉప్పుమట్టిలో పడియున్న వెండిపై నలుపే గాక బూడిదవన్నెగల మైనము వంటి పొర ఏర్పడును. లోపల లోహము పెళుసెక్కియుండును. వేడికి, రాపిడికి ముక్కలగును. మరియు ప్రాచీనపు వెండిలో రాగి పాలు ఉండుటచే ఆ రాగి బయటికి వచ్చి నాణెము పచ్చగా కనిపించును. రాగి నాణెమని తలచి పులుపులో వేయుదుము. పులుపు రాగిని లాగివేయును; వెండి గుల్లబారి నిలుచును.

కొందరు కొబ్బరినూనెలోనో, నువ్వులనూనెలోనో నెలలతరబడి నానవేయుదురు. నూనె మెత్తనిది గనుక హాని లేదని వారి నమ్మకము. నూనె పాతబడినకొలది దానిలో కొవ్వు ఆమ్లములు పుట్టును. నూనె పచ్చగా మారుట మనము చూచుచునే ఉన్నాము. ఆ పచ్చదనము నాణెమునుండి వచ్చినదే. కుంకుడురసము వీనిలో నెల్ల సాధువు. అది జిడ్డును విడిపించును గాని చిలుమును కదిలింపదు. కాని తడిపి, సరిగా ఆరనీయకున్నచో అదియు తేమకు దారితీయును.

సీసపు నాణెముల విషయమున మరింత జాగ్రత్త అవసరము. ఆంధ్రదేశమున సాతవాహనులు సీసమును విరివిగా వాడిరి కనుక మనకు ఇవి తరచుగ ఎదురగును. సీసముపై తెల్లని పొర కట్టును. సిర్కా వంటి ఆమ్లములకు సీసము త్వరగా లొంగును. వాని ఆవిరి తగిలినను చాలును. క్రొత్త కొయ్యపెట్టెలో, అట్టపెట్టెలో మూసియుంచినచో ఆ కొయ్యనుండి వచ్చు ఆమ్లపు ఆవిరికే సీసము తెల్లని పొడియగును. రాగికి మేలని చెప్పు శుద్ధజలము కూడ సీసమునకు పడదు. వీనికి మించి, సీసము విషము. దాని పొడి పిల్లల చేతులకు, వంటపాత్రలకు తగులరాదు. వంటింటి తొట్టిలో సీసపు నాణెమును తోముట నాణెమునకే గాక ఇంటికిని కీడు. ముట్టిన చేతులను సబ్బుతో కడుగవలెను.

బంగారమునకు చిలుము లేదు. మట్టి మాత్రమే అంటియుండును. అయినను బంగారము మెత్తనిది. రుద్దిన రుద్దుడెల్ల ముఖముపై పడును.

శాస్త్రజ్ఞులు మాత్రము మొదటినుండి ఈ విషయమున జ్ఞానులై ఉండిరా యని అడుగవచ్చును. 1888లో బెర్లిను మ్యూజియములలో రాథ్‌గెను రసాయనశాల నడుప నారంభించిన నాటినుండి ఈ విద్య క్రమముగా పెరిగినది. మన దేశమున 1917లో పురావస్తుశాఖయందు సనావుల్లాగారు రసాయనజ్ఞులుగా నియుక్తులైరి. 1930లో మద్రాసు మ్యూజియమున పరమశివన్‌గారు విద్యుత్తు సహాయమున కంచు విగ్రహములనుండి ఉప్పును తొలగించు పని చేపట్టిరి. తొలిదినములలో ప్రయోగశాలలు కూడ చిలుమును పూర్తిగా ఊడ్చివేయుటయే శుద్ధి అనుకొనినవి. అసలు తలము చిలుములోనే ఉండునని గ్రహించిన పిమ్మట పద్ధతి మారినది. నేడు నిపుణుడు సూక్ష్మదర్శిని క్రింద, సన్నని సూదిమొనతో, అసలు తలమునకు పైనున్న పొరను మాత్రము రవ్వరవ్వగా తొలగించును. కొన్నింటిని ముట్టకయే ఎక్స్‌రే కిరణములతో చదువుదురు. ఒక్క నాణెమునకు దినములు పట్టవచ్చును. ఈ పని ఇంటిలో చేయునది కాదు.

నాణెముపైనున్న మట్టి కూడ సాక్ష్యమే. చిలుము తాను అంటుకొనిన వస్తువును చెడనీయదు. నాణెములను కట్టియుంచిన మూటగుడ్డ నేత కొన్నిచోట్ల చిలుములో అచ్చుపడి నిలిచియుండును. గుడ్డ కుళ్లిపోయినను నేత మిగులును. కుండ పెంకు ఏ కాలపుదో కుండలు తెలిసినవారు చెప్పగలరు. కుండలోని నాణెములన్నియు ఒక్కటిగా ఉన్నప్పుడు, వానిలో మిక్కిలి క్రొత్త నాణెము ఏదో దానినిబట్టి ఆ కుండను అంతకు ముందు పాతిపెట్టలేదని నిర్ణయింపవచ్చును. ఇంటికి రెండుచొప్పున పంచుకొనినచో ఆ నిర్ణయమునకు ఆధారమే పోవును. నాణెములు ఉండును, కుండ కథ ఉండదు.

మరి ఇంటివారు చేయదగినది ఏమి? చేయదగినది కొంచెమే, కాని విలువైనది. నాణెము దొరకిన చోటును, లోతును, దినమును, దానితో కనిపించిన పెంకులను, ఎముకలను, బొగ్గును ఒక కాగితముపై వ్రాసికొనవలెను. రెండు వైపులను ఎండవెలుతురులో ఫొటో తీయవలెను. చేతి చెమటలో ఉప్పు కలదు గనుక అంచులను పట్టి ఎత్తవలెను. రాలు మట్టిని మెత్తని కుంచెతో దులుపవచ్చును, గట్టిమట్టిని ముట్టరాదు. నీడన ఆరనిచ్చి, పొడి కాగితపు పొట్లములో వేరువేరుగా ఉంచవలెను. ఒకే ముద్దగా అంటుకొనినవానిని విడదీయరాదు. రబ్బరు పట్టీలోని గంధకము వెండిని నల్లబరచును. పీవీసీ సంచులు కాలక్రమమున ఆమ్లమును విడుచును. ఇంటి వస్తువులలో నాణెమునకు నిజముగ మేలు చేయునది ఒకటి కలదు. క్రొత్త చెప్పుల పెట్టెలలోను, మందు సీసాలలోను వచ్చు తేమ పీల్చు గింజల పొట్లము. దానిని నాణెమున్న డబ్బాలో ఉంచినచో తేమ తగ్గును. తేమ తగ్గినచో వ్యాధి నిలుచును.

తరువాతి పని చట్టమునకు సంబంధించినది. లంకెబిందెలు దొరకినవను మాట ఊరిలో ప్రాకినచో ఏమి వచ్చిపడునో అను భయముతో పెక్కురు నాణెములను దాచి, తోమి, బంగారు కొట్టులో అమ్మివేయుచుందురు. 1878 నాటి నిధి చట్టమును వారు చదివి ఉండరు. దానిప్రకారము నేలలో దాగియుండి దొరకిన విలువగల ఏ వస్తువైనను నిధియే. దాని విలువ 10 రూపాయలకు మించినచో, దొరకినవారు దాని స్వభావమును, చోటును, దినమును తెలుపుచు కలెక్టరునకు వ్రాతమూలముగా తెలియజేయవలెను. అట్లు తెలియజేసినవారిని చట్టము దోచుకొనదు. హక్కుదారులు లేని నిధియని తేలినప్పుడు, వేరు ఒడంబడిక లేనిచో, నాలుగింట మూడుపాళ్లు దొరకినవారికిని, ఒకపాలు భూమి యజమానికిని చెందును. ప్రభుత్వము తీసికొనదలచినచో లోహపు విలువపై ఐదవవంతు చేర్చి చెల్లించును. దాచినవారికి మాత్రము భాగము పోవుటయే గాక ఒక సంవత్సరము వరకు కారాగారవాసము విధింపవచ్చును. కావున భయము వలన చేయు పనియే భయమునకు కారణమగుచున్నది.

ఇంటిలో తాతలనాటినుండి వచ్చిన నాణెముల మాట వేరు. కుంపిణీవారి దుడ్లు, నైజాము హాలీ సిక్కాలు, విక్టోరియా రూపాయలు పెక్కు పెట్టెలలో ఉన్నవి. ఇవి నేలలో ఊరినవి కావు. జిడ్డు పట్టినచో పలుచని కుంకుడునీటిలో కడిగి, మంచినీటిలో జాడించి, మెత్తని గుడ్డతో అద్ది, పూర్తిగా ఆరనిచ్చుట చాలును, రుద్దరాదు. వానిపై వన్నె కాలము ఇచ్చిన వన్నె. నాణెములు సేకరించువారు మెరుగు పెట్టిన నాణెమునకు తక్కువ ధరయే కట్టుదురు. మెరుగు కోసము తోమినవాడు చరిత్రను, సొమ్మును కూడ పోగొట్టుకొనును. పూజలో నాణెమునకు పాలతో, పసుపునీటితో అభిషేకము చేయు ఆచారము కల కుటుంబములు ఉన్నవి. ఆ ఆచారమునకు ఇప్పటి నాణెము చాలును. లక్ష్మి ఏ నాణెమందైనను ఉండును. కుంభ శాతకర్ణి పేరు మాత్రము ఆ ఒక్క తీరు నాణెముపైననే ఉండును.

దీనారము అను మాటను మనము సంస్కృత కావ్యములలో చదువుదుము. అది రోమువారి డినారియసు నుండి వచ్చినది. కాసు, మాడ, రూక, గద్యాణము, వరహా అను మాటలు మన శాసనములలోను, సామెతలలోను నిలిచినవి. మాటలను మనము తోమలేదు. కనుకనే అవి తాము వచ్చిన దారిని నేటికిని చెప్పుచున్నవి. నాణెములను కూడ అట్లే ఉండనిచ్చినచో అవి చెప్పవలసినది ఇంకను ఎంతో కలదు. రేపు ఏ చెరువు పూడిక తీయునప్పుడో, ఏ ఇంటి పునాది త్రవ్వునప్పుడో బయటపడు పచ్చని బిళ్లపై ఎవరి పేరు ఉన్నదో మనము చెప్పలేము. దానిని చదువగలవారి చేతికి అది చేరువరకు, చింతపండును పులుసుకే వాడుదము.